పద్దెనిమిదేళ్లు నిండేలోపే ఫైలు సిద్ధం చేయండి: బంధువుల ఇళ్లలో, బాలసదనాల్లో పెరిగే పిల్లలకు స్పాన్సర్‌షిప్, ఆఫ్టర్‌కేర్ పొందే పద్ధతి

తల్లిదండ్రులు పోయాక మనవణ్నో మేనకోడల్నో సాకుతున్న అమ్మమ్మలు, మేనమామలు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ పిల్లకి నెలనెలా ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?" బాలసదనాల్లో ఇంటర్ అయిపోవస్తున్న పిల్లలూ, వాళ్ల టీచర్లూ అడిగేది ఇంకొకటి: "పద్దెనిమిది నిండితే ఇక్కడ ఉండనివ్వరట. తర్వాత ఎక్కడికెళ్లాలి?"

రెండింటికీ చట్టంలో జవాబుంది. బాలల న్యాయ చట్టం 2015లోని 45వ సెక్షన్ స్పాన్సర్‌షిప్ (ఇంట్లో పెరిగే పిల్లలకు నెలనెలా ఇచ్చే సాయం) గురించి, 46వ సెక్షన్ ఆఫ్టర్‌కేర్ (18 నిండి సంస్థ విడిచి వచ్చాక ఇచ్చే సాయం) గురించి చెబుతాయి. నిధులు పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద వస్తాయి. అయితే నేను చూసినంతలో అర్హత లేక ఆగిపోయిన ఫైళ్లు తక్కువ. వేళకి కాగితం లేక ఆగిపోయినవే ఎక్కువ. అందుకే ఈ వ్యాసంలో సగం కాగితాల గురించే ఉంటుంది.

## 1. ముందు ఏ దారో తేల్చుకోండి

పిల్లలు ఎక్కడ ఉంటున్నారన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

సొంత ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉంటే స్పాన్సర్‌షిప్. నెలకు రూ.4,000. అనాథలై బంధువుల దగ్గర పెరిగేవాళ్లు, వితంతువుల, విడాకులు పొందిన లేదా భర్త వదిలేసిన మహిళల పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితోనో ప్రమాదం వల్లనో సంపాదించలేని స్థితిలో ఉన్న పిల్లలు దీని కిందికి వస్తారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 దాటకూడదు.

బంధువులు కాని కుటుంబంలో, బాలల సంక్షేమ సమితి ఆదేశంతో ఉంటే ఫోస్టర్ కేర్. ఇదీ నెలకు రూ.4,000. జాలిపడి పక్కింటివాళ్లు పెంచుకుంటుంటే అది ఫోస్టర్ కేర్ కిందికి రాదు. సమితి ఆదేశం ఉండాల్సిందే.

బాలసదనం, చిల్డ్రన్ హోమ్ లాంటి సంస్థలో ఉండి 18 నిండి బయటికొస్తే ఆఫ్టర్‌కేర్. 21 ఏళ్లు వచ్చేదాకా, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు సాయం అందించవచ్చు. నెలకు రూ.4,000తో పాటు ఉండటానికి చోటు, శిక్షణ, కౌన్సెలర్ తోడు కూడా అడగొచ్చు. కేసులో చిక్కుకుని స్పెషల్ హోమ్‌లో ఉండి వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వాళ్ల ఆదేశం పిల్లలపై కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు నుంచి రావాలి.

ఇక్కడొక చేదు నిజం ఉంది. ఆఫ్టర్‌కేర్‌కి చట్టం ఇచ్చిన నిర్వచనం సంస్థ విడిచి వచ్చినవాళ్లకే. అమ్మమ్మ ఇంట్లో పెరిగిన పిల్లకు 18తో స్పాన్సర్‌షిప్ ఆగిపోతుంది, ఆఫ్టర్‌కేర్ దానంతట అది మొదలవదు. "అయితే రెండేళ్లు హోమ్‌లో వేసేస్తే సరిపోతుందా?" అని కొందరు అడుగుతారు. దయచేసి ఆ పని చేయకండి. నెలకు నాలుగు వేల కోసం పిల్లను ఇంటి నుంచి విడదీయడం కంటే స్కాలర్‌షిప్, వెల్ఫేర్ హాస్టల్ దారి వెతకడం ఎంతో మేలు. హాస్టల్, చదువు గురించి ఏడో అంచెలో చెప్పాను.

## 2. ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఇద్దర్ని గుర్తుపెట్టుకోండి. ఫైలు నడిపేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం, అంటే డీసీపీయూ. పిల్లల విషయంలో ఆదేశాలిచ్చేది బాలల సంక్షేమ సమితి, అంటే సీడబ్ల్యూసీ. సీడబ్ల్యూసీలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు.

తెలంగాణలో జిల్లా కేంద్రంలోని బాలరక్షా భవన్‌లో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో డీసీపీఓ, అంటే జిల్లా బాలల పరిరక్షణ అధికారి, ఎక్కడ కూర్చుంటారో చెబుతారు. అంత దూరం పోలేకపోతే మీ అంగన్‌వాడీ టీచర్ ద్వారా ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌ని కలవండి. ఎవరూ తెలియకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

స్పాన్సర్‌షిప్ మంజూరు చేసేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ. డీసీపీయూ గుమస్తా "కాదు" అంటే అది కమిటీ నిర్ణయం కాదని తెలుసుకోండి.

## 3. ఫైలు: ఇక్కడ తొందరపడకండి

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనండి. ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు తీయించండి. ఒరిజినల్ ఎవరికీ ఇచ్చి రాకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

స్పాన్సర్‌షిప్‌కి:

- పిల్ల జనన ధ్రువపత్రం
- పిల్ల ఆధార్, సాకుతున్నవారి ఆధార్
- తల్లి, తండ్రి మరణ ధ్రువపత్రాలు
- రేషన్ కార్డు
- తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం
- బడి నుంచి స్టడీ సర్టిఫికెట్
- పిల్ల ఫొటోలు, సాకుతున్నవారితో కలిసి దిగిన ఫొటో
- పిల్ల, సంరక్షకుల పేర ఉమ్మడి బ్యాంకు ఖాతా పాస్‌బుక్

ఆఫ్టర్‌కేర్‌కి అదనంగా:

- సంస్థలో చేర్చుకున్నప్పటి సీడబ్ల్యూసీ ఆదేశం
- వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక (ఒక్కో పిల్లకు విడిగా రాసే ప్రణాళిక) ప్రతి
- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ
- ఆరోగ్య రికార్డు

ఈ కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పుట్టిన తేదీ. ఎవరూ లేకుండా దొరికిన పిల్లలకు చేర్చుకునేటప్పుడు ఏడాది అంచనా వేసి జనవరి 1 అని రాసేస్తారు. బడిలో ఇంకో తేదీ పడుతుంది. ఆధార్ సెంటర్‌లో మూడోది. పదిహేడేళ్లు వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. చివరికి ఒక తేదీ ప్రకారం "ఇంకా మైనర్" అని బ్యాంకువాళ్లూ, మరో తేదీ ప్రకారం "మేజర్ అయిపోయారు, వెళ్లిపోవాలి" అని హోమ్‌వాళ్లూ అంటుంటే ఆ పిల్ల మధ్యలో నిలబడుతుంది.

వయసు విషయంలో చట్టం ఒక వరస పెట్టింది. 94వ సెక్షన్ ప్రకారం మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి మెమో చూస్తారు. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. కాబట్టి తేదీ సరిచేసుకోవాల్సింది పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపకముందే. మెమో అచ్చయ్యాక మార్చాలంటే హెడ్‌మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి రాసి నెలల తరబడి తిరగాలి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. అందుకే ముందు మెమో తేదీ ఖాయం చేసుకుని తర్వాత ఆధార్ జోలికి వెళ్లండి.

జనన ధ్రువపత్రమే లేకపోతే? పుట్టి ఏడాది దాటితే నమోదుకు అధికారి ఆదేశం కావాలి. 2023 చట్ట సవరణ తర్వాత జిల్లా మెజిస్ట్రేట్, సబ్‌డివిజనల్ మెజిస్ట్రేట్ లేదా వాళ్లు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఆ ఆదేశం ఇవ్వగలరు. ఆర్డీవో కార్యాలయంలో మొదలుపెట్టండి.

తల్లి చనిపోయి తండ్రి వదిలేసి వెళ్లిన కేసుల్లో మరణ ధ్రువపత్రం ఒక్కటే ఉంటుంది. దానితోనే ఆగిపోకండి. పిల్లను తీసుకుని సీడబ్ల్యూసీ ముందుకు స్వయంగా వెళ్లి పరిస్థితి చెప్పండి. విచారణ చేయించాల్సిన బాధ్యత వాళ్లది.

## 4. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు వరస

1. డీసీపీయూ లేదా ఐసీడీఎస్ కార్యాలయం నుంచి దరఖాస్తు తీసుకుని నింపండి. ఇచ్చినట్టు తేదీ, ముద్రతో రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తును ఇవ్వనట్టే లెక్కేసుకోండి.
2. సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఇల్లు సర్దిపెట్టి గొప్పగా చూపించాల్సిన పనిలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పిల్లతో విడిగా మాట్లాడతామంటే ఒప్పుకోండి.
3. నివేదిక కలెక్టర్ కమిటీకి వెళ్తుంది. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో డీసీపీయూలో అడిగి రాసుకోండి.
4. మంజూరు ఆదేశం ప్రతి అడిగి తీసుకోండి. ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఇచ్చారో చూసుకుని, గడువుకు మూడు నెలల ముందే పొడిగింపు అడగండి.
5. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఖాతాకు ఆధార్ సీడింగ్, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే చేరేలా ఆధార్‌ను జోడించడం) అయ్యాయో లేదో బ్యాంకులో ముందే చూపించుకోండి.

పిల్ల బడి మానేస్తే సాయం నిలిపేయొచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మినహాయింపు ఉంది. గురుకులంలో, హాస్టల్లో చేర్చాలనుకుంటే డీసీపీయూలో ముందు అడిగి, వాళ్లు చెప్పింది రాతలో తీసుకోండి.

సాకుతున్నవాళ్లలో చాలామందికి ఒక అపోహ ఉంది: కోర్టు గార్డియన్ సర్టిఫికెట్ తెస్తేనే ఈ సాయం వస్తుందని. దీనికి అది అక్కర్లేదు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 కింద కోర్టుకు వెళ్లాల్సిన అవసరం ముఖ్యంగా పిల్ల పేర పొలం, ఇల్లు, పరిహారం డబ్బు ఉన్నప్పుడు వస్తుంది. మైనర్ ఆస్తి అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాల్సిందే. చిన్నాన్నలు, బాబాయిలు తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం చెల్లదు.

## 5. పదహారు నుంచి పద్దెనిమిది దాకా: హోమ్‌లో ఉన్న పిల్లల క్యాలెండర్

16 ఏళ్లకు. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక తెరిపించి పిల్లతో కూర్చోండి. ఏం చదవాలనుకుంటున్నారు, ఎవరితో మాటలున్నాయి, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎక్కడున్నారు? ఈ జవాబులు పిల్ల మాటల్లోనే ఆ ప్రణాళికలో ఉండాలి. పదిహేనేళ్లకు చేయాల్సిన ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ అయిందో లేదో అప్పుడే చూడండి.

17 ఏళ్లకు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఎవరిది? దాదాపు ఎప్పుడూ అది పాత వార్డెన్‌దో సూపరింటెండెంట్‌దో అయి ఉంటుంది. వాళ్లు బదిలీపై వెళ్లిపోయి ఉంటారు. ఇక్కడ పిల్ల మీసేవ కౌంటర్ ముందు నిలబడితే ఓటీపీ ఎక్కడో ఇంకో జిల్లాలో ఉన్న ఫోన్‌కి వెళ్తుంది. పిల్ల పేర సిమ్ తీసుకునే వీలు వచ్చేదాకా సంస్థ అధికారిక నంబరు పెట్టించి, తర్వాత మార్పించండి. ఓటు కోసం ఫారం 6 కూడా 17 దాటాక ముందస్తుగా వేయొచ్చు.

18 నిండటానికి రెండు నెలల ముందు. బాలల న్యాయ చట్టం కింద కేంద్రం చేసిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం ప్రొబేషన్ ఆఫీసర్, చైల్డ్ వెల్ఫేర్ ఆఫీసర్ లేదా కేస్ వర్కర్ బయటికి వెళ్లాక ఏం చేయాలన్న ప్రణాళిక రాసి, ఆఫ్టర్‌కేర్ సిఫారసు చేస్తూ సీడబ్ల్యూసీకి ఇవ్వాలి. అది ఇచ్చారా అని గుచ్చి అడగండి. ఇవ్వకపోతే పిల్లే స్వయంగా తెల్లకాగితం మీద సీడబ్ల్యూసీకి అర్జీ రాయొచ్చు: పేరు, పుట్టిన తేదీ, ఏ సంస్థలో ఎన్నాళ్లుగా ఉన్నారు, ఏం చదువుతున్నారు, ఎందుకు ఆఫ్టర్‌కేర్ కావాలి. అరపేజీ చాలు. కింద సంతకం, పైన రసీదు ముద్ర.

18 నిండేలోపు. సీడబ్ల్యూసీ ఫారం 37లో ఆఫ్టర్‌కేర్ ఆదేశం ఇస్తుంది. అది చేతిలో పడకముందే పిల్ల సంచి సర్దుకోకూడదు. ఒకసారి బయటికి వచ్చేశాక వెనక్కి వెళ్లి ఈ ఆదేశం తెచ్చుకోవడం చాలా కష్టం.

ఈ వయసులో ఆడపిల్లల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. "పద్దెనిమిది నిండింది, సంబంధం చూసి పెళ్లి చేసేస్తే ఒక దారి చూపించినట్టే" అని పెద్దలు మంచి మనసుతోనే అంటుంటారు. అది పునరావాసం కాదు. ఆ అమ్మాయికి పుట్టిల్లు అంటూ లేదు. పెళ్లిలో ఏ తేడా వచ్చినా తిరిగి వెళ్లడానికి గడప ఉండదు. చదువో పనో చేతికి వచ్చి, తన పేర ఖాతాలో డబ్బుండి, తానుగా కోరుకున్నప్పుడు పెళ్లి సంగతి.

## 6. పద్దెనిమిది నిండిన వారంలో బ్యాంకు పని

మైనర్ ఖాతా మేజర్ అయ్యాక కొత్తగా కేవైసీ చేసి, పిల్ల సంతకంతో మార్చేదాకా లావాదేవీలు ఆగిపోతాయి. డబ్బు పడుతూనే ఉంటుంది, తీయడానికి మాత్రం రాదు.

- ఆధార్, పాన్, రెండు ఫొటోలు, పాత పాస్‌బుక్‌తో పిల్లే బ్రాంచికి వెళ్లాలి
- పాన్‌కి ముందే దరఖాస్తు చేసి ఉంచాలి
- సంరక్షకుడి సంతకం తీసేసి పిల్ల సంతకం ఎక్కించాలి
- ఏటీఎం కార్డు, ఫోన్ నంబరు పిల్ల పేరనే ఉండాలి
- ఏటీఎం పిన్ వార్డెన్‌కి గానీ బాబాయికి గానీ చెప్పకూడదని పిల్లకు వివరంగా చెప్పాలి

పిల్ల పేర పాత డిపాజిట్లు ఏమున్నాయో కూడా అప్పుడే వెతకండి. ప్రమాద పరిహార ట్రిబ్యునల్ డబ్బు చాలాసార్లు మైనర్ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంటుంది. కోవిడ్‌లో తల్లిదండ్రుల్ని కోల్పోయినవాళ్లు పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్‌లో నమోదై ఉంటే 18 నుంచి నెలనెలా కొంత, 23కి రూ.10 లక్షలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో తల్లిదండ్రులిద్దరినీ కోవిడ్‌లో పోగొట్టుకున్న పిల్లల పేర వేసిన రూ.10 లక్షల డిపాజిట్ 25 ఏళ్లకు చేతికొస్తుంది. ఆ బాండ్లు ఎవరి బీరువాలో ఉన్నాయో ఈ రోజే కనుక్కోండి.

## 7. ఉండే చోటు, చదువు, పని

ముందు ఉండే చోటు. "మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అన్న ప్రశ్నకు పిల్ల దగ్గర చిరునామాతో సహా జవాబుండాలి. రూల్స్‌లో ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే గ్రూపు ఇళ్ల ప్రస్తావన ఉంది. మీ జిల్లాలో ఉందా అని డీసీపీయూలో అడగండి. లేకపోతే కాలేజీకి అనుబంధంగా ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ వెల్ఫేర్ హాస్టల్ సీటు మేలు. దూరపు బంధువు "మా ఇంట్లో ఉండనివ్వండి" అని హఠాత్తుగా వస్తే, సోషల్ వర్కర్ ఆ ఇల్లు చూసి వచ్చాకే పంపండి.

చదువుకు సంబంధించి చాలామందికి తెలియనిది ఒకటుంది. రెండు తెలుగు రాష్ట్రాల బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలకు చోటుంది. పదేళ్లలోపే తల్లిదండ్రుల్ని కోల్పోయి, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన బడుల్లో, అనాథాశ్రమాల్లో చేరినవాళ్లు అర్హులు. ఈఏపీసెట్, పాలిసెట్ దరఖాస్తుకు ముందే తహసీల్దార్ దగ్గర ధ్రువపత్రం తీసుకోండి. చేర్చుకున్న తేదీ ఉన్న సీడబ్ల్యూసీ ఆదేశం ఇక్కడే అక్కరకొస్తుంది.

పని నేర్చుకోవాలంటే ఐటీఐ ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఇస్తారు. గ్రామీణ యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే డీడీయూ-జీకేవై పథకం కూడా చూడండి. అయితే శిక్షణ అయ్యాక ఉద్యోగం ఏ ఊళ్లో ఇస్తారో, జీతంలోంచి హాస్టల్ ఖర్చు పోగా ఎంత మిగులుతుందో చేరకముందే అడగండి.

పాస్‌పోర్టు కావాల్సి వచ్చి పుట్టిన తేదీకి వేరే ఆధారం లేకపోతే, అనాథాశ్రమం అధిపతి లెటర్‌హెడ్ మీద ఇచ్చే ధ్రువీకరణను అంగీకరిస్తారు. సంస్థ విడిచేలోపే ఆ లేఖ రాయించి పెట్టుకోండి.

## 8. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

మూడు కాగితాల్లో మూడు రకాల పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు లేదు. పదో తరగతి మెమోలో ఉన్నదాన్నే ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చండి.

డబ్బు మంజూరైంది, ఖాతాలో పడలేదు. ఆధార్ వేరే ఖాతాకు మ్యాప్ అయి ఉండొచ్చు. పాత జీరో బ్యాలెన్స్ ఖాతాలు ఏమున్నాయో వెతకండి. డబ్బు అందులో పడుతూ ఉండొచ్చు.

మధ్యవర్తులు. "వెయ్యి ఇస్తే మంజూరు చేయిస్తాం" అనేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఈ దరఖాస్తుకు ఫీజు లేదు.

ఒరిజినల్స్ హోమ్‌లోనే వదిలేయడం. వెళ్లేరోజు జాబితా రాసి, ఒక్కోటీ సరిచూసి, రెండు వైపులా సంతకాలు పెట్టించుకుని తీసుకోండి.

## 9. కాదన్నా, కదలకపోయినా

"ఇవ్వం" అని నోటితో చెబితే ఒప్పుకోకండి, రాతలో ఇవ్వమనండి. స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్, ఆఫ్టర్‌కేర్‌పై సీడబ్ల్యూసీ నిర్ణయం నచ్చకపోతే 101వ సెక్షన్ కింద 30 రోజుల్లో కలెక్టర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. సీడబ్ల్యూసీ పనితీరుపై ఫిర్యాదులు వినాల్సిందీ కలెక్టరే. సోమవారం అర్జీల రోజున రసీదుల జిరాక్సులతో వెళ్లండి.

ఫైలు ఎక్కడుందో తెలియకపోతే సమాచార హక్కు కింద మూడు విషయాలే అడగండి: దరఖాస్తు అందిన తేదీ, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

## 10. బయటికొచ్చాక మూడేళ్లు

నెలకోసారి ఎవరో ఒక పెద్దవాళ్లు ఫోన్ చేసి మాట్లాడాలి. రూల్స్‌లో కౌన్సెలర్ తోడు గురించి ఉంది కాబట్టి ఆ పేరు, నంబరు ఆదేశం అందిన రోజే అడిగి తీసుకోండి. జ్వరమొచ్చినా, ఫీజు కట్టకపోయినా, గది ఖాళీ చేయమన్నా పిల్ల మొదట ఎవరికి చెప్పాలో తనకు తెలిసి ఉండాలి. హోమ్‌లో కలిసి పెరిగిన పిల్లలు ఒకరికొకరు అండగా ఉంటారు, వాళ్లను దూరం చేయకండి.

డిగ్రీ మధ్యలో ఉండగానే 21 నిండుతుంటే, పుట్టినరోజుకు మూడు నెలల ముందే సీడబ్ల్యూసీకి పొడిగింపు అర్జీ ఇవ్వండి. కాలేజీ బోనఫైడ్, మార్కుల మెమో, కోర్సు ఎప్పుడు ముగుస్తుందో ప్రిన్సిపాల్ రాసిచ్చిన లేఖ, పాత ఫారం 37 ప్రతి జతచేయండి. చదువు పూర్తయ్యేదాకా ఇంకో రెండేళ్లు కావాలని కారణంతో సహా స్పష్టంగా రాయండి.